డప్పు కాగిన పన్నెండు నిమిషాలు

సంగీతాన్ని నిమిషాల్లో కొలవవచ్చని నేను మనసారా నమ్మిన కాలమొకటి ఉండేది. అప్పుడు నా వయసు ఇరవై మూడేళ్ల నాలుగు నెలలు. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో గుమస్తాగా చేరి పందొమ్మిది వారాలైంది. (చేరిన తేదీ నా డైరీలో ఉంది, అడిగినవారికి చూపిస్తాను.) ఆ చలికాలం ఆరుబయటి వేదికపై ప్రతి శనివారం విద్యార్థి బృందాల కచేరీలు జరిగాయి; వాటికి సమయం చూసే పని నాకు అప్పగించారు. వయొలిన్లవారు, భజనవారు, ఖవ్వాలీవారు, ఎవరైనా సరే, నేను కేటాయించినది పదిహేను నిమిషాలు. అవి నిండగానే ఇత్తడి గంట కొట్టి, ముగిసిన సమయం రిజిస్టరులో రాసేవాణ్ణి. ఏడు శనివారాల్లో ఇరవై ఒక్క బృందాలను అలా వేదిక దించాను. “పాట నడుమల గంట కొడ్తరా సార్?” అని ఖవ్వాలీ నాయకుడు పరేషానయ్యాడు. చేతిగడియారం చూపించాను.

ఎనిమిదో శనివారానికి మిగిలింది డప్పు బృందమొక్కటే. నాయకురాలు దగ్గర్లోని లక్డారం ఊరి అమ్మాయి. ఆమెకు డప్పు నేర్పిన తండ్రి, ఫ్యాక్టరీలో ఒక గంట పర్మిషన్ అడిగి, ఖాకీ దుస్తుల్లోనే వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. కూతురు వేదిక మీద వాయించగా ఆయన వినబోయేది అదే మొదటిసారి. సరిగ్గా ఆరింటికి పేరు పిలిచి గడియారం చూసుకున్నాను. వాళ్లు వేదిక ఎక్కలేదు; పక్కన వరిగడ్డి ముట్టించి, డప్పులను మంటకు తిప్పుతూ నిలబడ్డారు.

“ఏందమ్మా గిది? మీ టైంల నాలుగు నిమిషాలు అయిపోయినయ్,” అన్నాను.

“తోలు కాగకుంటే మోగది సార్. చలికి మెత్తవడ్డది.”

“కాగవెట్టుడు గూడ మీ పదిహేను నిమిషాలల్లనే.”

ఆ అమ్మాయి డప్పు తిప్పడం ఆపలేదు. “బువ్వ తిననీకి ఎంతసేపు వట్టిందంటే, మీరు పొయ్యి ముట్టిచ్చిన కాడికెల్లి లెక్కవెడ్తరా సార్?”

జనం నవ్వారు. తండ్రి లేచి వచ్చి, ఎంతో మర్యాదగా, “మీ గడియారం గూడ జెర మంటకు వెట్టుండ్రి సార్. చలికి బిగుసుకున్నట్టున్నది,” అన్నాడు.

పన్నెండు నిమిషాలు కాగడానికే పోయాయి. మూడు నిమిషాలు వాయించారో లేదో, నియమం ప్రకారం గంట కొట్టాను. ఎవరికీ వినబడలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. ఆరు డప్పుల ముందు ఒక ఇత్తడి గంట గోడు ఎవరు వింటారు? చివరికి వేదిక ఎక్కి ఆ అమ్మాయి చెవి దగ్గరే కొట్టాను. ఆమె నావైపు తిరిగి, నవ్వి, తన దరువును నా గంటకు కలిపింది. (నా చెయ్యే ఆమె దరువుకు కలిసిందని తరువాత కొందరు సాక్ష్యం చెప్పారు, ఆధారాలు లేవు.) చప్పట్లు మోగాయి. “ఆపకుండ్రి సార్, మంచిగ వడ్తున్నది!” అని తండ్రి అరిచాడు. నేను ఆపలేదు.

ఆయన డ్యూటీకి తిరిగి పోతూ, “బిడ్డ మొత్తం వాయించింది, కడుపునిండ విన్న. ఇగ మీరు గూడ మా డప్పు మేళంల చేరుండ్రి సార్,” అన్నాడు. సోమవారం పై అధికారి రిజిస్టరు తిరగేసి, చివరి కచేరీ ముగిసిన సమయమేదని అడిగారు. “చూసుకోలేదు సార్,” అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

ఆ రిజిస్టరు నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది: ఇరవై రెండు బృందాలు, ఇరవై ఒక్క ముగింపు సమయాలు. అంచనా కట్టి ఆ ఖాళీ నింపుదామని మొన్న కూడా కలం తీశాను. ఎక్కడి నుంచో గడ్డి కాలిన వాసన వచ్చింది. చూస్తే నా వేళ్లు బల్ల మీద దరువు వేస్తున్నాయి. ఎంతసేపటి నుంచో, చూసుకోలేదు.