బోర్డు మీద చివరి వరుస

చిన్నాయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను కోదాడ బడిలో ఏడో తరగతికి వ్యాసం ఎలా రాయాలో చెబుతున్నాను. "అక్కా, బాపు ఇగ లేడు. సూర్యాపేట దవాఖాన నుంచి తీస్కొస్తున్నం," అన్నది ఆయన కూతురు. చాక్‌పీసు పక్కన పెట్టి పిల్లలను కూర్చోమన్నాను. వాళ్లు కూర్చునే ఉన్నారు.

మా నాన్నకు తమ్ముడాయన. తిరుమలగిరి అవతల మా ఊరి బీడులో ఊహ తెలిసినప్పటి నుంచి గొర్రెలు మేపాడు. చదువు రాదు. మా నాన్న నన్ను పత్తి ఏరడానికి పంపుతానంటే "దాన్ని సదువుకోనియ్యి" అని అడ్డుపడింది ఆయనే. నేను రాసుకుంటుంటే పక్కన చేరి చూసేవాడు. "అచ్చరాలు గొర్రెపిల్లల లెక్క వరుసల పోతున్నయ్ బిడ్డా," అని మురిసేవాడు. ఆ మురిపెమే నాకిప్పుడు మింగుడుపడటం లేదు.

ఆ బీడును మీలో కొందరు చూసే ఉంటారు. ఆదివారాలు కార్లలో వచ్చి పూరేడు పిట్టలకూ నెమళ్లకూ ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకప్పుడు అదంతా సర్కారు తుమ్మ. అటవీశాఖ ఆఫీసర్లు మిషన్లతో తుమ్మ పీకించి, ఎక్కడినుంచో గడ్డి విత్తనం తెప్పించి చల్లించారు. మొదటి వానకే కొట్టుకుపోయింది. రెండోసారి చల్లితే చీమలు మోసుకుపోయాయి. అప్పుడు ఎవరో చెబితే చిన్నాయన కోసం వచ్చారు. మధ్యలో ఉండి మాట్లాడింది నేనే.

ఆయన గుట్ట వెనుక మిగిలిన పాత గడ్డి ముదిరి విత్తనం పట్టేదాకా ఆగాడు. తర్వాత మందను రోజంతా అందులో మేపి, సాయంత్రం తోలుకొచ్చి ఆ బోడి నేల మీద ఆపాడు. ఎరువు కోసం పొలాల్లో మంద ఆపడం మా దగ్గర మామూలే. గడ్డి కోసం ఆపడం మాత్రం ఎవరూ చూడలేదు. ఉన్నిలో చిక్కుకున్న విత్తనం రాలేది, పెంటికల్లో కలిసేది, గొర్రెల కాళ్లే దాన్ని తొక్కి నేలలోకి దించేవి. ఇవాళ ఇక్కడ, రేపు నాలుగు అడుగులు అవతల. ఇంకెన్నాళ్లని ఒక ఆఫీసరు విసుక్కుంటే, "గడ్డికి తొందర లేదు సారూ, మీకే ఉన్నది," అన్నాడు. రెండు వానకాలాలు తిరిగేసరికి మోకాలెత్తు గడ్డి లేచింది.

"గడ్డి నిలదొక్కుకునేదాకా మందను బయట ఉంచు చిన్నాయనా. తర్వాత మొదటి మేత నీదే," అని చెప్పింది కూడా నేనే. ఆఫీసర్లు నాకు చెప్పింది అదే. వాళ్లను నేను నమ్మాను, నన్ను ఆయన నమ్మాడు. కంచె పడింది. గేటు పడింది. ఒకరోజు నన్ను పిలిచి, "గేటు దగ్గర బోర్డు పెడుతున్నాం, మీ తెలుగు బాగుంటుంది మేడం, రాసివ్వండి," అన్నారు. పొగిడితే పడిపోయే మనిషిని. బీడు కథంతా రాశాను. చిన్నాయన గురించి రాసిన రెండు వాక్యాలు కొట్టేసి, చివర ఒక వరుస చేర్చమన్నారు. గొర్రెలకు, మేకలకు, కాపరులకు ప్రవేశం లేదు. చేర్చాను. కామాలు సరిచూసి మరీ ఇచ్చాను.

గేటు తెరిచిన రోజు చిన్నాయనను వెంటబెట్టుకుని పోయాను. కర్ర బయట పెట్టి రమ్మంటే పెట్టాడు. రాళ్లు పరిచిన దారి మీద నడుస్తూ, వంగి ఒక గడ్డిపోచ తెంపి నమిలాడు. "తీపెక్కింది. గొర్లు ఇష్టంగ తింటయ్," అన్నాడు. తిరిగి వస్తూ బోర్డు ముందు ఆగాడు.

"ఇది నీ రాతేనంట గదా. ఏం రాసినవ్ బిడ్డా?"

"బీడు సంగతి రాసిన చిన్నాయనా."

"నా ముచ్చట ఉన్నదా?"

"ఉన్నది."

"గొర్లను ఎప్పుడు రానిస్తరో రాసినవా?"

"అది ఇంక తేల్చలే."

ఆయన బోర్డును చేత్తో తడిమి చూసుకున్నాడు. ఆయన వేళ్లు చివరి వరుస మీదే ఉన్నాయి.

రెండు ఎండాకాలాలు ఎదురుచూశాడు. మేత దొరక్క మందను అమ్మేసి, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. చూడటానికి వెళితే స్టూలు నాకిచ్చి, తను నిలబడి, చాయ్ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగి అన్నాడు: "నీ రాత మంచిగున్నదంట బిడ్డా. బీడుకాడి వాచర్ సదివి చెప్పిండు. ఆఖరుదాక సదివిండు."

అంతే. తర్వాత ధాన్యం లారీల గురించి మాట్లాడాడు. నాలుగు తిట్టినా బాగుండేది. మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆఫీసర్ల మీద నాకు కోపం ఉంది. కానీ వాళ్లు ఎప్పుడో బదిలీ అయిపోయారు, ఆ కోపం పెట్టుకోవడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

దినాలైన మర్నాడు బీడుకు వెళ్లాను. మేపేవాళ్లు లేక గడ్డి నడుమెత్తు పెరిగి, ఎండి, బూడిద రంగుకు తిరిగి ఒకదాని మీద ఒకటి పడి ఉంది. కింద కొత్త మొలక లేదు. "మేపకుంటే గడ్డి ముసల్దయితది సారూ," అని ఆఫీసర్లకు ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. బోర్డు ముందు కూడా గడ్డి లేచి, నా చివరి వరుస అందులో మునిగిపోయింది. ఆయన పెంచిన గడ్డే దాన్ని కప్పింది. అలాగే ఉండనిస్తే చాలనుకుంటూ చాలాసేపు నిలబడ్డాను.

వాచర్ కొడవలి పట్టుకుని వచ్చాడు. "జర పక్కకు జరుగుండ్రి మేడం. బోర్డు కనవడ్తలేదని కోయమన్నరు."

"ఉండనియ్యరాదా?"

"నా చేతుల ఏమున్నది మేడం."

జరిగాను. బస్సు కోసం రోడ్డెక్కి వెనక్కి చూసేసరికి అతని పని అయిపోయింది. అంత దూరం నుంచి కూడా చివరి వరుస స్పష్టంగా కనిపిస్తోంది.