ఖాళీ బాటిల్‌కు కిటికీ సీటు

ఈ రోజు రువైస్ నుంచి అబుదాబి వెళ్లే మా కంపెనీ బస్సు ఆలస్యమైంది. ఎండకు తాళలేక, మన ఊళ్లలో చేసినట్టే బ్యాగులు, చెప్పులు వరుసగా పెట్టి గోడ నీడన కూర్చున్నాం.

అంతలో సేఫ్టీ ఆఫీసర్ పీటర్ సార్ వచ్చాడు. ఇంగ్లండ్ మనిషి. ఎవరైనా లైన్ తప్పితే ఆయన మొహం కందగడ్డవుతుంది. ఎండలో నిలబడొద్దని మాకు రోజూ క్లాసు పీకే ఆయనే వెళ్లి నా చెప్పుల వెనక అరగంట నిలబడ్డాడు. ఒకడు మధ్యలో దూరబోతే, "ఈ చెప్పులు నీకంటే ముందొచ్చాయి" అని వెనక్కి పంపాడు.

బస్సొచ్చింది. ఎవరి సామాను వాళ్లం తీసుకున్నాం. లైన్ మొదట్లో ఒక ఖాళీ నీళ్ల బాటిల్ మిగిలింది. దాని మనిషి వచ్చేదాకా ఎవరూ ఎక్కొద్దని పీటర్ సార్ చెయ్యి అడ్డం పెట్టాడు. డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"అది చెత్త సార్," అన్నాను.

"కావచ్చు. కానీ అదే ముందుంది."

చివరికి మా జగిత్యాల మల్లన్న ఆ బాటిల్‌ను తీసుకెళ్లి మొదటి సీట్లో, కిటికీ పక్కన పెట్టొచ్చాడు. "ఎక్కిచ్చిన సార్. ఇగ ఖలాస్."

పీటర్ సార్ తృప్తిగా తలూపి చెయ్యి తీశాడు. నేను మాత్రం వెనక చక్రం మీది సీట్లో ఎగిరెగిరి పడుతూ వచ్చాను. అబుదాబిలో కూడా ముందు బాటిలే దిగింది.

దాన్ని తాగి పారేసిన మహానుభావుడు ఇది చదువుతుంటే కింద ఒక మాట రాయండి. మీ బాటిల్ క్షేమంగా చేరింది.