అన్న బొందకాడ పిట్ట

మా అన్న సంగతి చెప్పవడితె ఇప్పటికి గూడ నాకు ఒక్కకాడ కూసోబుద్ధి గాదు. లేచి తిరుగుకుంటనే చెప్త.

మాది గొర్లు కాసే ఇల్లు. అన్న మిలట్రీల చేరిండు. సరిహద్దుల లడాయి అయితదని టీవీలు ఒర్రుతున్న రోజులల్లనే సచ్చిపోయిండు, గని లడాయిల కాదు. డెంగ్యూ జ్వరంతోని పోయిండు. గీ ముక్క అప్పట్ల మా ఊళ్లె ఎవ్వలు చెప్పనియ్యలే. కల్వకుర్తి చౌరస్త నుంచి మా ఊరిదాక కట్టిన ఫ్లెక్సీలల్ల వీరమరణం అని రాయించిండ్రు. "వీరమరణం ఏంది, జ్వరమొచ్చి పోయిండు గదా" అని నేనంటే మా మేనమామ నెత్తి మీద ఒక్కటిచ్చిండు. నోర్మూసుకోమన్నడు.

శవపెట్టె ఎంబడి అన్న దోస్తు ఒక సిపాయి వచ్చిండు. ఆయనకు తెలుగు రాదు. హిందీల ఆయన చెప్పింది నేనే ఇంటోళ్లకు చెప్పిన. బార్డర్‌కు పోయే రైలు కోసం క్యాంపుల ఎదురుచూస్తుంటే అన్నకు జ్వరమొచ్చిందట. చెప్తే దవాఖానల పండబెట్టి, తనను ఇడిశిపెట్టి పోతరని దాచుకున్నడట. గోలీలు మింగుకుంట, లోపల స్వెటర్ ఏసుకొని అందరితోని లైన్ల నిలబడ్డడట. పడిపోయినంక ఎత్తుకపోయిండ్రు గని అప్పటికే చెయ్యి దాటింది. గది విని మా బాపు ఏడ్వలే. "గంత దూరం పోయి, ఆఖరికి పని గాకుండనే పాయె" అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. కొడుకు పోతే పని గాలేదంటడేంది మనిషి అనుకున్న.

పెండ్లి గాలేదని అన్నను కాలబెట్టకుండ మా చెలకలనే బొందపెట్టినం. మూడో రోజు పిట్టకు పెట్టాలె. పోయినోళ్లకు ఇష్టమైనవన్ని వండి, బొంద మీద ఇస్తార్ల పెట్టి, అందరు దూరం జరిగి నిలబడాలె. కాకి వచ్చి ముడితే పోయినోడు తిన్నట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు గా కోరిక తీరుస్తమని ఇంటోళ్లు గట్టిగ మాటియ్యాలె. గా మాట మీద కాకి ముట్టిందంటే ఇగ మాట తప్పెతందుకు లేదు. ముట్టెదాక ఇంటోళ్లు బుక్కెడు తినొద్దు.

తలకాయ కూర, బోటి, జొన్నరొట్టె, కల్లు పెట్టినం. కాకులు తుమ్మచెట్టు మీద కూసున్నయి గని దిగలే. ఎండ ఎక్కుతాంది. నేను చెలక ఒడ్డు పొంటి అటు ఇటు తిరుగుతున్న. "కాలు నిలువదారా నీకు" అని చిన్నమ్మ కసిరింది. నిలబడితే ఏడుపొస్తాంది, ఏం చెయ్యాలె మరి. "మిలట్రీ మనిషి, రమ్ము లేకుంటె ఎట్ల తింటడు" అని మామ సీసా తెచ్చి పోస్తే నలుగురు నవ్విండ్రు గూడ. ఊరి పెద్దమనిషొకాయన చౌరస్తల అన్న ఇగ్రహం పెట్టిస్తమన్నడు. ఏమన్నా కాకులు కదలలే. శవపెట్టె వచ్చిన సంది అమ్మ ఏం తినలే. కొంగు నోట్లె పెట్టుకొని ఇస్తారు దిక్కే చూస్తాంది. "దిగు బిడ్డ, ఒక్క బుక్క తిను" అని గొణుగుతాంది.

బాపు చెప్పులిడిసి ముందటికి పోయిండు. ఊరందరు ఇనంగ అన్నడు:

"కొడకా, నీ పని సగంల ఆగిందనే గదా నీ బాధ. నీ తమ్ముణ్ని పంపుత. నీ జాగల వాడు మిలట్రీకి పోతడు. గిది నా మాట. ఇగ తిను."

నేనప్పుడు ఐటీఐ చదువుతున్న. బోరు మోటర్ల పని నేర్చుకొని కల్వకుర్తిల ఒక షటర్ కిరాయికి తీసుకోవాలని నా ఆశ. మిలట్రీ అంటే నాకు భయం. అన్నకున్న దమ్ము నాకు లేదు, చెప్పెతందుకు సిగ్గేమి లేదు. కాదంటే అన్నను ఉపాసం పెట్టినట్టు. అవునంటే నా బతుకు మిలట్రీ చేతుల పెట్టినట్టు. అందరు నా దిక్కే చూస్తున్నరు.

గప్పుడు కాకి దిగింది. ఇస్తారుకు జానెడు దూరంల వాలి, మెడ వంచి చూసి, ఒక్క దూకు దూకింది. ముక్కు ఇంక పెట్టలే. "తింటది, తింటది" అని ఎనకనుంచి ఎవలో సంబురంగ అన్నరు.

అమ్మ లేచింది. వంగి మట్టిపెల్ల అందుకొని కాకి మీదికి ఇసిరింది. కాకి లేచిపోయింది, దాని ఎంబడి చెట్టు మీదియి గూడ లేచినయి. "పిచ్చి లేసిందానే నీకు" అని బాపు ఉరికొచ్చిండు. ఆమె ఆయన దిక్కు చూడలే. బొంద పక్కన కూలబడి, ఇస్తారు మీద కొంగు కప్పింది.

"అలిగితె నా మీద అలుగు బిడ్డ" అన్నది. "ఉపాసముంటె ఉండు, నేను గూడ ఉంట. వీణ్ని మాత్రం అడగకు."