మండీ గోడ మీద నా మార్కుల గీత

నా చిన్నప్పుడు మా నాన్న నా మార్కులను మండీ గోడ మీద గీత గీసి చూపించాడనీ, ఆ రోషంతోనే నేను డిగ్రీ దాకా చదివాననీ మా వాళ్లు ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ చెబుతారు. వింటే ఒళ్లు మండుతుంది. రోషమూ లేదు, గీషమూ లేదు. నాకు మిగిలింది సిగ్గు.

మదనపల్లెలో మాది టమోటా మండీ. రోజూ వేలం ముగియగానే నాన్న ఆనాటి ధరకు సుద్దముక్కతో గోడ మీద చుక్క పెట్టేవాడు. ఆ చుక్కల మీదుగా ఒక వాలు గీత లాగేవాడు. గీత ఎక్కుతుంటే సరుకు పట్టేవాడు, దిగుతుంటే వదిలించుకునేవాడు. రైతులకు కూడా ఆ గోడే పంచాంగం.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం నన్ను అక్కడికి పిలిపించాడు. తోడుగా పక్కింటి అక్క వచ్చింది, కాలేజీలో చదువుతుండేది. ధరల పక్కనే నా పరీక్షల మార్కులకు చుక్కలు పెట్టి గీత లాగాడు నాన్న. అది నేలకేసి జారింది.

"ఇది ఇంగ లేసేది కాదప్పా. బడి మాన్పిచ్చి కుట్టుమిషను కాడ కూసోబెడతా" అన్నాడు, నాతో కాదు, గుమాస్తాతో.

"మెత్తబడిన కాయ గదన్నా!" అన్నాడొక హమాలీ. అందరూ నవ్వారు. తల ఎత్తలేకపోయాను.

అక్క టమోటా గీత మీద వేలు పెట్టింది. "చిన్నాయనా, ధర ఈడ యాల దిగినాది?"

"మద్రాసులో వాన. లారీలు కదల్లేదు."

"మరి ఈడ?"

"కోలారు సరుకు ఒక్కతూరే వచ్చినాది. ఒక్కో చుక్కకీ ఒక కత ఉండాది పాపా, నీకేం తెలుసు!"

"అయితే ఈ బిడ్డ చుక్కల కతేంది?"

అక్కే చెప్పింది. అమ్మ కాన్పుకని కుప్పంలోని పుట్టింటికి పోయిన నాటి నుంచే ఆ చుక్కలు దిగాయి. ఇంటి వంట నాది. నేను బడి చేరేసరికి మొదటి పాఠం సగం అయిపోయేది. మా ఇంటి గుట్టు బజారులో పడిందని నాకు ఇంకా సిగ్గేసింది. అక్క మీదే కోపం వచ్చింది.

నాన్న తువాలుతో ఆ గీత తుడిచేశాడు. బడి మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు. అదే తువాలుతో కళ్లు కూడా తుడుచుకున్నాడని మావాళ్లు కల్పించి చెబుతారు. నేను అక్కడే ఉన్నాను. తుడిచింది గోడ ఒక్కటే.

ఇప్పుడు మా మేనల్లుళ్లు ఫోనులో షేర్ల గీతలు చూపించి "ఎక్కుతాండాదత్తా!" అంటారు. "యాల?" అంటాను. విసుక్కుంటారు. విసుక్కోనీ. వచ్చిన దారి చూపినంత మాత్రాన గీతకు ముందున్న దారి తెలుసని కాదు, అలా ఎందుకు వచ్చిందో అసలే తెలియదు. ఆ ఎరుక అక్క పెట్టిన భిక్ష.

ఆనాటి నవ్వు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. రెండు పూటలా నేను వండిందే తిన్నాడు మా నాన్న. నా చుక్కల కథ ఆయనకు నిజంగా తెలియదా, లేక తెలిసీ నా ముఖం చూడటం కన్నా గోడ చూడటమే సులువనుకున్నాడా?