కమ్మీ పట్టుకున్న చెయ్యి

వీధిలో అందరూ ఆయన్ని టెస్టరు బాబాయి అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరేదో ఆయన భార్యే కాస్త తడుముకుని చెప్పాలి. చొక్కా జేబులో టెస్టరు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఎవరైనా కుర్చీ వేస్తే కూర్చోడు, ముందు కుర్చీ వెనక ఉన్న ప్లగ్గు చూస్తాడు. వియ్యాలవారింట్లోనూ ఇదే వరస. మర్యాద తెలియని మనిషని పాపం వాళ్లు అలిగారు కూడా. కరెంటు పని మొదలుపెట్టే ముందు స్విచ్చు ఆపితే ఆయనకి చాలదు. ప్లగ్గు పీకి తన సంచిలో వేసుకోవాలి. "స్విచ్చుని నమ్మడమంటే పిల్లిని పాలకి కాపలా పెట్టడమే" అంటాడు.

ఒక ముసురు సాయంత్రం అదే వీధిలో ఉండే అమ్మాయి కబురు చేసింది. వాళ్ల నాన్న క్రిస్మస్‌కని బయటి మెట్ల ఇనప కమ్మీకి సీరియల్ లైట్లు చుట్టాడు. పండగ వెళ్లకుండానే ఆ మెట్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. పెద్ద వయసు కదా, ఎవరూ ఆరా తీయలేదు. అప్పట్నుంచీ తల్లి ఆ లైట్ల మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు.

"స్విచ్చు ఆపినా సన్నగా వెలుగుతున్నాయి బాబాయ్. అమ్మేమో నాన్నే అంటోంది. నాకు చచ్చేంత భయంగా ఉంది," అంది అమ్మాయి.

టెస్టరు బాబాయి నవ్వబోయి, మెట్లవైపు చూసి ఆగిపోయాడు. స్విచ్చు ఆపే ఉంది. అయినా ఆ చిన్న బల్బులన్నీ చినుకుల్లో ఆరీ ఆరని నిప్పుల్లా మినుకుమంటున్నాయి. వాటి పక్కన అమ్మాయి తల్లి చీరకొంగు తల మీదికి లాక్కుని, వేళకి వచ్చే మనిషి కోసం చూస్తున్నట్టు నిలబడి ఉంది.

"రావయ్యా," అంది మెల్లగా. "మీ అన్నయ్య రోజూ వస్తున్నారు. కమ్మీ మీద చెయ్యి వేస్తే అరచెయ్యి జివ్వుమంటుంది. వాన పడ్డ రోజున ఇంకా గట్టిగా పట్టుకుంటారు."

బాబాయికి ఒళ్లు జలదరించింది. దెయ్యానికి కాదు, వాన అన్న మాటకి.

"వదినగారూ, చెప్పులేసుకునేనా కమ్మీ పట్టుకుంటున్నారు?"

"ఇన్నాళ్లూ ఈ రబ్బరు చెప్పులతోనే. మొగుడి దగ్గరికి చెప్పులతో ఏమిటని, ఇవాళ తీసేద్దామనుకున్నా." అంటూనే ఒక చెప్పు వదిలేసింది. చెయ్యి కమ్మీ మీదికి వెళుతోంది.

"మీకు దణ్ణం పెడతాను, దాన్ని ముట్టుకోకండి," అన్నాడు బాబాయి. ఆ గొంతు విని ఆవిడ చెయ్యి జానెడు దూరంలో ఆగింది. ఆయన గదిలోకి పరుగెత్తి ప్లగ్గు పీకేశాడు. మెట్ల మీద చీకటి పడింది.

టార్చి వేసి చూస్తే సంగతంతా తెలిసింది. ఇంట్లో వాడుకునే ఎక్స్‌టెన్షన్ బాక్సుని బయటికి లాగాడు ఆ మహానుభావుడు. తడవకూడదని దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి బిగించి, కమ్మీ కాలికి కట్టాడు. అతితెలివి అంటే ఇదే. నీళ్లు రాకుండా కట్టిన కవరు, చేరిన నీళ్లని బయటికి పోనివ్వదు. సగం నిండిపోయి ఉంది. ఒరుసుకుపోయిన తీగ ఇనుముని తాకుతోంది. స్విచ్చు కూడా తప్పు తీగకి బిగించారు. ఆపినా కరెంటు బయటే కాచుకుని ఉంటుంది.

"ఇది అన్నయ్య కాదు వదినగారూ, కరెంటు. చెప్పులే మిమ్మల్ని కాపాడాయి. ఆరుబయటికి వేరే తీగ ఉంటుంది. జాయింటు చూరు కింద, నేలకి ఎత్తుగా ఉండాలి. లీకైతే దానంతటదే కరెంటు ఆపేసే ట్రిప్పరు కూడా నేను పెడతాను." ఇంకో మాట ఆయన గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. ఎలా చెప్తాడు మరి?

ఆవిడ కమ్మీ మీద చెయ్యి వేసింది. చల్లటి ఇనుము, అంతే. చాలాసేపు తియ్యలేదు.

"ఆ రోజూ వానే," అంది చివరికి. "వీధంతా కరెంటు పోయాక దీపం పట్టుకుని వచ్చి చూశాను. వట్టి కాళ్లతో ఇక్కడే ఉన్నారు. ఈ కమ్మీ నుంచి వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది."

బాబాయి వంగి కమ్మీ కాలికున్న కవరు ముడి విప్పసాగాడు.

"నన్ను వదిలి పోలేక పట్టుకున్నారనుకున్నానయ్యా," అంది.