సంతకం లేని లైసెన్సు

బొగ్గు గనిలో మా ఆయన షిఫ్టు ఎప్పుడు మారుతుందో గుర్తుపెట్టుకోలేక నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాం అది. తేదీ కొడితే ఆ రోజు పొద్దున షిఫ్టా, మధ్యాహ్నమా, రాత్రా, టిఫిన్ డబ్బా ఎన్నింటికి కట్టాలి అన్నీ చెబుతుంది. గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్లు అడిగితే అందరికీ ఇచ్చాను. కోడ్ కూడా ఇంటర్నెట్‌లో పెట్టేశాను. ఊరికే ఇచ్చేదానికి లైసెన్సు ఎందుకని నా పొగరు.

ఒక రోజు రామకృష్ణాపూర్ నుంచి ఒకాయన మా లైనులో ఉన్న చుట్టాలను అడిగి నా ఇల్లు కనుక్కున్నాడు. వాకిట్లో నిలబడి గట్టిగానే అడిగాడు.

"చెల్లె, నీ ప్రోగ్రాం నమ్మి మధ్యాహ్నం సెకండ్ షిఫ్టుకు పోయిన. నా డ్యూటీ పొద్దున్నే ఉండెనట. మస్టరు పడలే, ఆ దినం జీతం పాయె. ఎవరు జిమ్మేదారు?"

ఆయన ఫోను తీసుకుని చూశాను. అందులో ఉన్నది నేను రాసిన లెక్క కాదు. మా గనిలో రాత్రి షిఫ్టు వారం అయ్యాక పొద్దున షిఫ్టు వస్తుంది. కొన్ని గనుల్లో చక్రం వెనక్కి తిరుగుతుంది, రాత్రి తర్వాత మధ్యాహ్నం. ఎవరో తన గనికి సరిపోయేలా తిప్పి రాసుకుని, ఆ సంగతి ఎక్కడా చెప్పకుండా పదిమందికీ పంచారు.

"నేను మార్చలే అన్నా."

"మరెవరు మార్చిన్రు? అందరు నీ పేరే చెప్తున్నరు."

ఆయన వెళ్లిపోయాక సిగ్గుతో, కోపంతో ఒళ్లు మండిపోయింది. మొత్తం చెరిపేస్తానని కూర్చున్నాను.

మా మామ, అంటే మా ఆయన తండ్రి, గని లోపల భద్రత చూసే సర్దార్‌గా చేసి రిటైరైన మనిషి. "తీసేస్తే ఏమొస్తది? ఎవలేం మార్చిన్రో తెలిసేటట్టు చెయ్యరాదా?" అన్నాడు.

అప్పుడు వెతికాను, ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒకటి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. కానీ మార్చినవాళ్లు మార్చామని, ఫలానా తేదీన మార్చామని రాయాలి. కోడ్ దాచకూడదు. దేనికీ గ్యారంటీ లేదని కూడా అందులోనే ఉంది. మామకు తెలుగులో చదివి చెప్పాను.

"గిది మా రిపోర్టు బుక్కే గద!" అన్నాడు మామ. షిఫ్టు దిగే సర్దార్ గని పైకప్పు ఎట్లా ఉందో, గాలి ఎట్లా ఆడుతుందో తను చూసింది రాసి సంతకం పెడతాడు. తర్వాతి షిఫ్టు ఎక్కే సర్దార్ అది చదివి కింద తన సంతకం పెట్టాకే మనుషులను పనిలోకి పంపుతాడు. ఆ సంతకం పడితే దిగే సర్దార్ బాధ్యత తీరినట్టు, ఇక గనిలోంచి పైకి వచ్చేస్తాడు.

లైసెన్సు తెచ్చి ప్రోగ్రాం మొదట్లో అతికించి చూపించాను. మామ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, మొదటి వరుస మీద వేలు పెట్టాడు. అక్కడ 'సంవత్సరం, రాసినవారి పేరు' అని నమూనాలో ఉన్నది ఉన్నట్టే ఉంది.

"మర్చిపోయిన మామా," అన్నాను. అబద్ధం. పేరు పెడితే మళ్లీ ఎవరొచ్చి నిలదీస్తారోనని కావాలనే వదిలేశాను.

"సంతకం లేని రిపోర్టు సూసి నేను ఒక్క మనిషిని లోపటికి పంపలే బిడ్డా. నీ పని ఎక్కడిదాంక ఉన్నదో రాస్తెనే కద, ఆడికెళ్లి అవతల నీది కాదని తెలిసేది."

ఆ వరుసలో సంవత్సరం, నా పేరు కొట్టాను. లైసెన్సుతో సహా మళ్లీ పెట్టి, పాతది వాడొద్దని లైను వాళ్లకూ, రామకృష్ణాపూర్ ఆయనకూ చెప్పాను.

మూడో రోజు మధ్యాహ్నం నా కోడ్‌కు ఒక మార్పు వచ్చింది. మొదట ఏ గని అని అడిగి, దాని ప్రకారం షిఫ్టు చెప్పేలా ఎవరో శుభ్రంగా రాశారు. నా పేరు కింద ఇంకో పేరు, తేదీ. దాని కింద ఈ ముక్క:

"ఇంతకుముందు చెప్పకుండా తిప్పి పంచింది నేనే. ఇప్పుడు సరిచేసిన. తప్పుంటే నన్ను అడగండి."

ముందు తిట్టాలనిపించింది. తర్వాత గుండెల మీంచి బండ దింపినట్టయింది. మామకు చదివి వినిపించాను.

మామ ఫోను తన చేతిలోకి తీసుకుని రెండు పేర్లూ నిదానంగా చూశాడు.

"కింద ఎక్కేటాయన సంతకం పడ్డది," అన్నాడు. "ఇగ నువ్వు పైకి రా బిడ్డా. నీ షిఫ్టు అయిపోయింది."