పసుపు చుక్క

మా ఆఫీసులో కంప్యూటర్ తెర మీద ప్రతి పేరు పక్కనా ఒక చుక్క ఉంటుంది. మౌస్ కదులుతున్నంతసేపూ అది ఆకుపచ్చగా ఉంటుంది, కొన్ని నిమిషాలు ఆగితే పసుపైపోతుంది. రాయదుర్గంలోని మా అంతస్తులో ఎవరి చుక్కా పసుపు కాదు. భోజనాల వేళ కూడా కాదు. కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో మౌస్ కదుపుతుంటారు. పని ఉండి కాదు, చుక్క కోసం.

నాది మాత్రం రోజూ ఒంటిగంట నుంచి రెండు దాకా పసుపే. పది నిమిషాల్లో తినేసి, క్యాంటీన్ కిటికీ పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో కథలు రాసుకుంటాను. అది నా భోజన విరామం. ఎవడబ్బ సొమ్మూ కాదు.

పోయిన ఏడాది టీమ్ లీడ్ పదవి ఖాళీ అయింది. నాకది కావాలి. కథలు రాసేదానికి పదవి మీద ఆశేమిటని కొందరికి వింత. ఎనిమిదేళ్లు ఆ టీమ్‌లో చాకిరీ చేశాను, ఆశ ఉండదా?

మేనేజర్ పిలిచాడు. మనిషి మంచివాడే.

"ఏంది మేడమ్, మధ్యాహ్నం గంటసేపు మీది పసుపే కనిపిస్తది. పైనోళ్లు చూస్తున్నరు. జర చూస్కోండి."

"పనేమైనా ఆగిందా సార్?"

"పని సంగతి కాదు మేడమ్."

పని సంగతి కాదట! ఒళ్లు మండిపోయింది. నార్సింగిలో ఇంటికి చేరేదాకా ఆ మాటే నమిలాను.

మా ఆయనది వేరే కంపెనీ. అంతా విని, చేతి వాచీ తీసి నా ముందు పెట్టాడు. పెళ్లికి ముందు నా మొదటి జీతంతో కొనిచ్చిన వాచీ అది.

"మౌస్‌ని దీని మీద పెట్టెయ్. సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్ కదులుతోందనుకుంటుంది కంప్యూటర్. చుక్క పచ్చగానే ఉంటుంది, నువ్వు హాయిగా రాసుకో. మా దగ్గర అందరూ చేసేదే."

ప్రేమతోనే ఇచ్చాడు. ఆ ప్రేమ మీదే నాకు కోపం వచ్చింది. నా రాత ఈయనకి కూడా దాచుకోవాల్సిన పనేనా? వాచీని సొరుగులో పడేశాను. ఆయనా మళ్లీ అడగలేదు, కట్టుకోలేదు.

పదవి నా పక్క సీటతనికి వచ్చింది. అతని మౌస్ రోజూ వాచీ మీదే కూర్చుంటుందని అంతస్తంతటికీ తెలుసు. అభినందించాను, స్వీటు తిన్నాను, వాష్‌రూమ్‌కి వెళ్లి ఏడ్చాను. పదవి కోసమే ఏడ్చాను, ఒప్పుకుంటాను. మర్నాడు ఒంటిగంటకి మళ్లీ కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఈ ఏడాది ఇంకో టీమ్‌లో లీడ్ పదవి ఖాళీ అయింది. దరఖాస్తులో నా గురించి రాయాల్సిన చోట, చేసిన పనులన్నీ రాశాక చివర్లో ఇలా రాశాను: "మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా నా చుక్క పసుపుగా ఉంటుంది. ఆ గంట కథలు రాస్తాను. లీడ్ అయ్యాక కూడా రాస్తాను."

పంపేముందు మా ఆయనకి చూపించాను. కాదంటే పోట్లాడటానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన రెండుసార్లు చదివాడు. లేచి సొరుగు తెరిచి, వాచీ తీసి చేతికి కట్టుకున్నాడు.

"ఈ మాట చివర్లో ఎందుకు పెట్టావ్? పైకి తీసుకురా," అన్నాడు.

దాన్నే మొదటి మాట చేసి పంపాను.